ఎవరూ పిలవని చోటు

కాజాలక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలీదు. రెడీమేడ్ చొక్కాలు కుట్టే యూనిట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు కాజాలు కుట్టింది, అందుకని కాజాలక్క. మీరు వేసుకున్న చొక్కాకి గుండీ దూరే చిల్లు పీచు లేవకుండా పదేళ్ళు నిలిచిందంటే, ఎక్కడో ఒక మనిషి దాని మీద మెడ వంచుకుని కూర్చుందని అర్థం. అవన్నీ మనకెందుకు లెండి. గుండీ ఊడితే తిడతాం, ఊడకపోతే పట్టించుకోం.

ఆవిడకి చిన్నప్పట్నుంచీ ఉన్న బాధ ఒకటే. పిలుపులు. పద్నాలుగో ఏట తల్లి పోయింది. ఆరేళ్ళ తమ్ముడి బాధ్యత నెత్తిన పడింది. తండ్రి ఊపిరితిత్తుల జబ్బుతో మంచమెక్కి, తొమ్మిదేళ్ళు ఆ మంచంలోంచే పిలిచాడు. మంచినీళ్ళకి పిలుపు, దిండు జారితే పిలుపు, ఏమీ లేకపోతే ఉందో లేదో చూడ్డానికి పిలుపు. యూనిట్లో అరవై మిషన్లు ఒక్కసారిగా మోగుతుంటే ఆ మోత మీదుగా మళ్ళీ పిలుపులే. అక్కా దారం తెగింది, అక్కా సూది విరిగింది, అక్కా సూపర్‌వైజరు నిన్ను రమ్మంటున్నాడు. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే, "ఇంకో ఇంట్లో కూడా పిలిపించుకోమంటారా? నా వల్ల కాదు బాబూ" అని నవ్వేసేది. నవ్వుతూ అన్నా, అది నిజంగానే అన్న మాట.

తమ్ముడు పెద్దవాడై ప్రెస్సులో చేరాడు. కాయితాలు కోసే మిషను మీద పని. పుస్తకమైనా క్యాలెండరైనా అచ్చయ్యాక అంచులు కోసి చదును చేసేది అతనే. చేతిలో నేర్పున్నవాడు, ఒక్క గీత వంకర పోనివ్వడు. నోటి దగ్గరికొచ్చేసరికి మాత్రం అంత నేర్పు లేదు. చెప్పాల్సిన మాట చెప్పాల్సినప్పుడు ఆ గొంతులోంచి బయటికి రాదు. మెత్తటి మనిషి అనేవాళ్ళు అందరూ. మెత్తదనమో, పిరికితనమో, ఈ సంగతంతా విన్నాక మీరే చెప్పండి.

ఒక ఏడాది ఆ ప్రెస్సుకి ఒక పెద్ద క్యాలెండరు పని వచ్చింది. ప్రపంచంలోని మఠాలు, నెలకొకటి. రాతి స్తంభం కొసన కట్టిన మఠం ఒకటి, అక్కడికి మనుషుల్ని బుట్టలో కూర్చోబెట్టి తాడుతో పైకి లాగేవాళ్ళట. సముద్రం పోటెత్తినప్పుడు చుట్టూ నీళ్ళు కమ్ముకుని ఒంటరైపోయే మఠం ఒకటి. ఎర్రటి కొండలో తొలిచిన గదుల మఠం ఒకటి. అచ్చు సరిగ్గా కుదరని షీట్లు కొన్ని మిగిలితే, ఇంట్లో అలమర అరల్లో పరుచుకోడానికి పనికొస్తాయని తమ్ముడు చుట్టగా చుట్టి తెచ్చాడు.

అక్క వాటిని అలమరలో పరిచిందా? లేదు. ముందు గదిలో తన మంచం పక్క గోడకి, ఒక్కొక్కటీ మడత లేకుండా అంటించింది. వాటికి పేర్లు కూడా పెట్టింది. బుట్ట మఠం. నీళ్ళ మఠం. గద్దగూడు. ఒకటి మన దేశంలోదే, సాయంత్రం రైలెక్కితే పొద్దున్నే దిగొచ్చు. పొలాల మధ్య ఇటుక గోడలు, పొడుగాటి వసారా. దాని పేరు పక్కింటి మఠం.

"వీళ్ళెవరూ మాట్లాడుకోరట్రా," అంది తమ్ముడితో, అదేదో పెద్ద వింత అయినట్టు. "బొమ్మ కింద రాశారు చూడు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకళ్ళనొకళ్ళు పిలుచుకోరట. అబ్బా! అలాంటి చోట ఒక్క పూట కూర్చుంటే చాలు నాకు."

ఆ షీట్లలో ఒకటి వేరు. ఆ షీటే ఈ కొంపకి తెచ్చింది ఈ తంటా అంతా.

అచ్చు మిషను మొదలెట్టగానే రంగులు కుదరవు. కుదిరేదాకా మంచి కాయితం తగలెయ్యడం దేనికని, పాత పనుల్లో పాడైపోయిన షీట్లనే మళ్ళీ పెట్టి తిప్పుతారు. అలా ఒకే షీటు మీద రెండు మూడు పనులు ఒకదాని మీదొకటి పడతాయి. మందుల డబ్బా మీద లెక్కల పుస్తకం, దాని మీద కారు టైరు. చూస్తే కళ్ళు తిరుగుతాయి. దాన్ని వేస్టు షీటంటారు, ప్రెస్సులో పనిచేసే ఎవడికైనా చూడగానే తెలుస్తుంది. కానీ నూటికో కోటికో ఒకసారి ఆ బొమ్మలు ఎవరో కావాలని గీసినట్టు కుదిరిపోతాయి. ఈ షీటు అలాంటిది. మొదట పడ్డ అచ్చులో మంచుకొండ అంచున తెల్లటి గోడల మఠం, దాని కిందంతా మంచు, అంటే ఉత్త తెల్ల కాయితమే. ఆ తెలుపు మీద చేపల డబ్బాల కంపెనీ పోస్టరులోని సముద్రం, ఒక చిన్న పడవతో సహా, సరిగ్గా కొండ కాళ్ళ దగ్గర పడింది. మఠం గోడ మీద ఒక పక్క సబ్బుల కంపెనీ వాళ్ళ పసుప్పచ్చ వెలుగు పడింది. పొద్దు ఇప్పుడే పొడిచినట్టుంది, ఆ కిటికీలోంచి ఎవరో ఇప్పుడే సముద్రం వైపు చూసి లోపలికి వెళ్ళినట్టుంది. మిషను నడిపే అతను కూడా చూసి, "ఒరేయ్, ఇలాంటి చోటు నిజంగా ఉంటే నేను పెళ్ళాం పిల్లల్ని వదిలేసి పోదును" అని నవ్వాడు.

అక్క ఆ బొమ్మ ముందు నిలబడిపోయింది. ఆ రోజు ఆవిడకి జ్వరం, యూనిట్లో ఎవరో చేసిన తప్పుకి సూపర్‌వైజరు ఆవిడ్ని అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు కూడా. ఆ మొహంతోనే వెనక్కి తిరిగి, "ఇదెక్కడరా తమ్ముడూ?" అంది.

వేస్టు షీటక్కా అనాలి. ఆ మాటే నాలిక చివర్న ఉంది. ఆ మొహం చూసి మింగేశాడు. "ఉత్తరాన ఏదో దీవిట," అన్నాడు.

అంతే. ఒక్క మాట. రేపు చెబుదాంలే అనుకున్నాడు. మర్నాటికి ఆవిడ కిటికీలు లెక్కపెట్టేసింది. ఆ మర్నాటికి అది "నా మఠం" అయిపోయింది. "ఇదిగో, ఈ పడవలోనే దిగుతాను. ఈ గోడ పక్క వెలుగు పడుతుంది చూడు, ఇక్కడ కూర్చుంటాను" అని వేలు పెట్టి చూపించేది. అతను ఊఁ కొట్టేవాడు. అలా ఊఁ కొడుతూ కొడుతూ ఇరవై ఏళ్ళు గడిపేశాడు మహానుభావుడు.

అక్కకి యాభై ఆరో ఏట పాదాలు తిమ్మిరెక్కడం మొదలైంది. మొదట చెప్పు జారిపోతే తెలిసేది కాదు. తరవాత మడమ, తరవాత పిక్క. డాక్టరు చూసి నరాల జబ్బన్నాడు. మందులతో కాస్త నెమ్మదిస్తుందే గానీ ఆగదన్నాడు. "నడక తగ్గిపోతూ వస్తుందమ్మా. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం. రోజూ మాత్రం కాస్త నడుస్తూ ఉండండి" అన్నాడు.

ఆవిడ దాన్ని తన లెక్కలో అర్థం చేసుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు దారపు రీలు చూసి చూసి ఉన్న మనిషి. రీలులో ఎంత దారం ఉంటే అంతే కుట్టు, ఎక్కడ దుబారా చేస్తే అక్కడ లోటు. నడక కూడా అంతే అనుకుంది. ఉన్న నడకంతా తన మఠం మెట్ల కోసం దాచుకోవాలని నిర్ణయించేసుకుంది. వీధి చివరి కొట్టుకి వెళ్ళడం మానేసింది. డాబా ఎక్కడం మానేసింది. గదిలోంచి వంటింట్లోకి కూడా నాలుగుసార్లు నడవాల్సింది ఒక్కసారికి తగ్గించింది.

"డాక్టరు నడవమన్నాడు కదా వదినా!" అని తమ్ముడి భార్య మొత్తుకునేది.

"ఆయనకేం తెలుసమ్మా. ఆయనకి వెళ్ళాల్సిన చోటేమీ లేదు," అనేది అక్క.

ఈ మరదలు నోరున్న మనిషి, పనున్న మనిషి. మాటలతో లాభం లేదని, ఒక రోజు సంచీలోంచి మూడు రైలు టికెట్లు తీసి మంచం మీద పెట్టింది. పక్కింటి మఠానికి. "దీవి సంగతి తరవాత చూద్దాం వదినా. ముందు దీన్ని చూసొద్దాం. మీరు చెయ్యి పట్టుకుంటే చాలు, నేను నడిపిస్తాను."

అక్క ఆ టికెట్లని చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. ఆశ పుట్టింది ఆవిడకి, అది మొహంలో తెలిసిపోయింది. గోడ మీది ఇటుక వసారా వైపు చూసింది, తరవాత సముద్రం వైపు చూసింది. టికెట్లు వెనక్కిచ్చేసింది.

"వద్దమ్మాయ్. ఉన్న కాస్త నడకా దీనికి ఖర్చుపెడితే, నా మఠం మెట్లు ఎవరెక్కుతారు?"

తమ్ముడు గుమ్మంలో ఉన్నాడు అప్పుడు. అన్నీ విన్నాడు. ఇప్పుడు చెప్పెయ్, ఇంతకన్నా మంచి సమయం రాదు, చెప్పెయ్ అని లోపల్నించి ఏదో పొడుస్తూనే ఉంది. పెదవి కూడా కదిలింది. ఇంతలో అక్క ఆ షీటు అంచు లేచిపోయిందని బొటనవేలితో నొక్కి సరిచేసుకుంది, చిన్నపిల్ల జుట్టు సవరించినట్టు. అంతే, అతను చెప్పులేసుకుని ప్రెస్సుకి వెళ్ళిపోయాడు. మరదలు రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగి, టికెట్లు రద్దు చేయించింది.

ఏడాది తిరిగేసరికి మోకాళ్ళు పట్టు తప్పాయి. ఒక రోజు మంచం దిగబోయి కింద పడింది. ఆ తరవాత మళ్ళీ నిలబడలేదు.

పడిపోయిన కాళ్ళని చూసుకుని ఏడ్చిందనుకుంటున్నారా? ఏడవలేదు. ఉత్తరం రాసింది. "అయ్యా, నాకు కాళ్ళు పోయినవి. మీ మఠానికి కుర్చీలో కూర్చోబెట్టి ఎక్కించే వీలున్నదా? బుట్టలో లాగినా నాకు అభ్యంతరం లేదు. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఒక్క పూట చాలు." కవరులో పెట్టి తమ్ముడికిచ్చింది. "ఆ దేశం రాత నాకు రాదు. మీ ప్రెస్సులో ఎవరిచేతైనా పైన చిరునామా రాయించి పంపరా."

అతను జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబులోంచి ప్రెస్సులో తన సొరుగులోకి, సొరుగులోంచి ఇంట్లో పాత చొక్కాల కిందికి. నెల చూసి ఆవిడ రెండో ఉత్తరం రాసింది. మూడోది రాసింది. రోజూ అతను గుమ్మంలో కాలు పెట్టగానే, "వచ్చిందా?" అనేది. కళ్ళు కాయలు కాచేలా చూసేది ఆ జవాబు కోసం. "మాట్లాడరు సరే, రాయడానికేం రోగం ఆ సన్యాసులకి?" అని తనే విసుక్కుని, తనే నవ్వేది. అతనికి తిండి సయించడం మానేసింది.

ఒక ఆదివారం పొద్దున మరదలు పాత బట్టలు ఏరుతుంటే మూడు కవర్లూ చేతికి తగిలాయి. పెరట్లో బట్టలారేస్తున్న మొగుడి ముందు నిలబడి వాటిని పైకెత్తి చూపించింది.

"ఏమిటండీ ఇవి?"

అతను నసిగాడు. అప్పుడు మొత్తం చెప్పాడు, చేపల డబ్బాలూ, సబ్బులూ, ఇరవై మూడేళ్ళూ.

మరదలు అరవలేదు. అరిచుంటే బాగుండేది అతనికి. "ఆ టికెట్లు నేను తెచ్చాను," అంది. "మీరు గుమ్మంలో నిలబడి విన్నారు. ఆవిడ కాళ్ళు ఆడుతున్నాయి అప్పటికి. విని నోరు మూసుకుని చెప్పులేసుకుని పోయారు. మీరసలు మనిషేనా?" కవర్లు అతని చేతిలో పెట్టింది. "ఇవాళ మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

అతనే వెళ్ళాడు. మంచం పక్కన కింద కూర్చున్నాడు. మూడు కవర్లూ దుప్పటి మీద పెట్టాడు. "అక్కా, ఆ మఠం లేదు," అన్నాడు.

"కూలిపోయిందా?" అంది ఆవిడ కంగారుగా.

ఆ మాటకి అతనికి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే చెప్పాడు. ఆవిడ అంతా విని, ఆ షీటు గోడ మీంచి తియ్యమంది. కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకోమంది. ఏది ఏదో చూపించమంది.

"ఇదిగో, ఇక్కణ్ణుంచి కింద చేపల డబ్బా, అక్కా."

"పడవ?"

"అదీ వాళ్ళదే."

"ఈ గోడ మీది వెలుగు?"

అతను తలదించుకున్నాడు. "సబ్బు."

"నాకు అన్నిటికన్నా అదే ఇష్టంరా," అంది ఆవిడ. "మరి ఇది కోసి విడదీయలేవా? నీ పనే కదా కొయ్యడం," అని అడిగింది.

"ఒకదానిలో ఒకటి ఇంకిపోయాయి అక్కా. విడదీయడం కుదరదు."

ఆవిడ ఊఁ అంది. కాళ్ళ మీది దుప్పటి సర్దుకుంది. అప్పుడు చాలా మామూలుగా, కాజా కొలత అడిగినట్టు అడిగింది. "మరదలు టికెట్లు తెచ్చిన రోజు చెప్పుంటే ఆ రైలెక్కేదాన్ని కదరా?"

అతను షీటుని కిందికి దించి చుట్టగా చుట్టడం మొదలెట్టాడు.

పది రోజులు ఆవిడ అతనితో మాట్లాడలేదు. తిట్టినా బావుండును, కొట్టినా బావుండును. అన్నం పెడితే తినేది, మందిస్తే మింగేది, మొహం మాత్రం గోడ మీద ఆ షీటు తీసేసిన చోటు వైపే. అక్కడ నలుచదరంగా తెల్లటి మచ్చ, మూలలకి జిగురు మరకలు. పదకొండో రోజు అతను పనికి బయల్దేరుతుంటే పిలిచింది.

"ఒరేయ్. నువ్వెళ్ళు."

"ఎక్కడికక్కా?"

"పక్కింటి మఠానికి. వెళ్ళి చూడు. వచ్చి నాకు చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. బాగుంటే బాగుందని చెప్పు, దరిద్రంగా ఉంటే అదీ చెప్పు. నా మొహం చూసి ఒక్క ముక్క కలిపావా, ఇంక నువ్వు నాకు తమ్ముడివి కాదు."

ఆ సాయంత్రమే రైలెక్కాడు. పొద్దున్నే దిగి, బస్సు పట్టుకుని, పొలాల మధ్య దిగాడు. బొమ్మలో ఉన్నంత లేదది. ఇటుకలు చెమ్మ పట్టి నల్లబడ్డాయి. గేటు దగ్గర ప్లాస్టిక్ బక్కెట్లు. చీపురు పట్టుకున్న ఒక ముసలి సన్యాసి, మాట్లాడకూడదు గనక, బురద చెప్పులతో లోపలికి రాబోతే అతన్ని చీపురుతోనే అదిలించాడు. తమ్ముడు చెప్పులు విప్పాడు. మెట్లెక్కుతూ అలవాటుగా లెక్కపెట్టాడు. పదకొండు. పొట్టి మెట్లు. ఒక పక్క నున్నగా అరిగిపోయిన ఇనపకమ్మీ. అతని ముందు ఒక ముసలావిడ, అక్క కన్నా పదేళ్ళు పెద్దదే అయ్యుంటుంది, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కుతోంది. పైకెక్కి వసారాలో చెక్కబల్ల మీద కూర్చుంది.

అతను ఇంకో చివర కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. లోపలెక్కడో గిన్నె మోగింది, అంతే. ఎండ మెల్లిగా ఇటుకల మీదుగా వచ్చి ఆ ముసలావిడ పాదాల మీద పడింది. సబ్బు కంపెనీ రంగు కాదు, మామూలు ఎండ. ఆవిడ అలాగే కళ్ళు మూసుకుని గంటసేపు కూర్చుని, లేచి, వచ్చినట్టే కమ్మీ పట్టుకుని దిగి వెళ్ళిపోయింది. అతను నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాడు, చప్పుడు కాకుండా.

ఇంటికొచ్చి మంచం పక్కన కింద కూర్చుని చెప్పాడు. బక్కెట్లు చెప్పాడు, చెమ్మ చెప్పాడు, చీపురు సంగతి చెబితే అక్క చిన్నగా నవ్వింది కూడా. వసారా, బల్ల, ఎండ అన్నీ చెప్పాడు. ముసలావిడ మాట మాత్రం ఎత్తలేదు.

"మెట్లెన్నిరా?" అంది అక్క.

"పదకొండు."

"నిటారుగా ఉన్నాయా?"

"లేవు. పొట్టివి. పక్కన కమ్మీ ఉంది."

"మరదలు టికెట్లు తెచ్చినప్పుడు నాకున్న కాళ్ళతో, నేను ఎక్కగలిగేదాన్నేనా?"

వంటింటి గుమ్మంలో మరదలు చేతిలో గిన్నెతో ఆగిపోయింది. తమ్ముడికి తెలుసు, ఇక్కడ ఒక్క అబద్ధం చాలు. కష్టమయ్యేదక్కా, నీ వల్ల అయ్యేది కాదక్కా అంటే చాలు, ఆ మనిషి మిగిలిన రోజులు కాస్త నిమ్మళంగా గడుపుతుంది. ఇరవై మూడేళ్ళ అలవాటు, ఆ మాట నోట్లోకి వచ్చేసింది కూడా.

"ఎక్కగలిగేదానివే అక్కా," అన్నాడు. "నీకన్నా పెద్దావిడ, కర్ర పట్టుకుని ఎక్కింది. నేను చూశాను. పైన బల్ల మీద గంటసేపు కూర్చుంది. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు."

అక్క తల ఊపింది. గోడ వైపు తిరిగింది. ఆ తెల్లటి మచ్చ మీద చెయ్యి పెట్టి, జిగురు మరకని గోటితో గీకుతూ ఉండిపోయింది. అతను "అక్కా" అనబోయాడు.

"పిలవకు," అంది ఆవిడ, ఇటు తిరక్కుండానే. "ఇవాళ్టికి నన్నెవరూ పిలవకండి."

మరదలు గిన్నె చప్పుడు కాకుండా కింద పెట్టింది. తమ్ముడు లేచి బయటికొచ్చి, వీధి తలుపు దగ్గరగా వేసి, అరుగు మీద కూర్చున్నాడు. పొరుగింటావిడ వచ్చి "కాజాలక్కా!" అని గుమ్మంలోంచి పిలవబోతే, చేతులు జోడించి వద్దన్నాడు. ఆ రోజంతా ఆ ఇంట్లో ఎవరూ ఆవిణ్ణి పిలవలేదు.